బొట్టు పెట్టిన ర్యామ్

మా పాప తప్పు లెక్కని రబ్బరుతో చెరుపుతోంటే, ఆ వాసనకి బొబ్బిలిలో మా పాత కంప్యూటర్ గుర్తొచ్చింది.

నాన్న తెచ్చిన కొత్త ర్యామ్ మెమరీ పట్టీకి నానమ్మ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఇచ్చింది. అది బిగించిన దగ్గర్నుంచీ కంప్యూటర్ మాటిమాటికీ బిగుసుకుపోయేది.

"పాడు సరుకు! రేపు తిరిగిచ్చీస్తాను," అంటూ నాన్న దాన్ని ఊడదీసి బల్ల మీద పడేశాడు.

కంప్యూటర్‌లో గుచ్చే దాని అంచున, బంగారు రంగు పళ్ల మీద పసుపు కనబడింది. కంప్యూటర్ లెక్కలు చేస్తుందని బళ్లో విన్నాను కదా, అది తప్పు రాసుకుందనుకున్నాను. నా రబ్బరుతో మెరిసేదాకా రుద్దేశాను.

నేను బతిమాలితే నాన్న మళ్ళీ బిగించాడు; సాయంత్రం దాకా కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదు!

"ఏటి సేసినావే?" అన్నాడు నాన్న.

"తప్పు సెరిపీసినాను."

రిపేరువాళ్లూ అలాగే రుద్దుతారని ఎన్నేళ్లకో తెలిసింది. నానమ్మ మాత్రం ఆవేళే కుంకుమ భరిణె తెచ్చి, ఈసారి బొట్టు నాకు పెట్టింది.