ఎదురింటాయన ప్లస్ ఐదు అద్దం

నవంబరు 9, ఆదివారం. హాజరు: నేను, మా అమ్మాయి, మనవరాలు. అల్లుడు ఊళ్ళో లేడు. సాయంత్రం ఐదింటికి ఎదురింటాయన, గుమ్మం బయట, రెండు నిమిషాలు.

ఆ రోజు డైరీలో ఉన్నది ఇంతే. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని. తేదీ, హాజరు రాయనిదే నాకు ఏ పనీ మొదలుకాదు. కానీ హాజరు దగ్గరే పేజీ ఆగిపోవడం అదే మొదటిసారి. మిగతాది మర్నాడు రాశాను.

మనవరాలు ఇంటర్ రెండో సంవత్సరం, ఐఐటీ ఎంట్రన్స్‌కి చదువుతోంది. నేను నల్లగండ్లలోని మా అమ్మాయి ఫ్లాటుకి వచ్చినప్పటి నుంచి, కాలేజీ బస్సు దిగి కాళ్ళు కడుక్కోగానే నా టేబుల్ దగ్గరికి వచ్చేది. ఆరున్నర నుంచి ఏడున్నర వరకు ఫిజిక్స్. ఆ గంట నాది. మిగతా ఇరవై మూడు గంటలు ఎవరివో నాకు అక్కర్లేదు.

దసరా సెలవుల తర్వాత ఒకరోజు దాని కళ్ళజోడు స్క్రూ ఊడింది. ఎదురు ఫ్లాటులో కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన కోఠిలో ఒక కళ్ళద్దాల దుకాణంలో నలభై ఏళ్లు అద్దాలు అరగదీసినవాడు. ఆయన దగ్గరికి వెళ్లి బిగించుకు రమ్మని నేనే పంపాను. నలభై నిమిషాలైనా రాలేదు. చివరికి పరుగెత్తుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది.

"అమ్మమ్మా, రా, రా! తాత గోడ మీద సినిమా చూపిస్తున్నాడు."

వాళ్ళ హాల్లో కర్టెన్లు దించి ఉన్నాయి. బల్ల మీద వెలుగుతున్న ఫోను, దాని ముందు ఒక గుండ్రటి అద్దం, అవతల తెల్లటి గోడ.

"ఇగ జూడు బిడ్డా," అన్నాడాయన. "వెలుతురు ఫోన్ల నుంచి విచ్చుకుంట వస్తది. విచ్చుకునేది మైనస్. పావు మీటరు దూరంల ఉన్నదంటే, ఒకటిని పావుతోని భాగిస్తే నాలుగు, గందుకే మైనస్ నాలుగు. మన అద్దం దగ్గరికి గుంజుతది, ఇది ప్లస్ ఐదు. రెండు కలుపు."

"ప్లస్ ఒకటి."

"అంటే ఒక్క మీటరు. గోడ గాడనే ఉన్నది, టేపు వెట్టి కొలువు."

కొలిచింది. సరిగ్గా మీటరు. గోడ మీద ఫోనులోని కుక్కపిల్ల బొమ్మ నాలుగింతలై, తలకిందులుగా, మీసాలతో సహా కనిపిస్తోంది. పిల్ల చప్పట్లు కొట్టింది. నేను ఆ పటాన్ని సుద్దముక్కతో బోర్డు మీద ఎన్ని వందలసార్లు గీశానో. ఒక్కసారి కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"బాగుందండీ అన్నయ్యగారూ. కానీ ముందు ఫార్ములా రాయాలి కదా," అన్నాను.

"ఫార్ములా రాసుకుంట కూసుంటే గిరాకీ పక్క దుకాణంల వడ్తడు టీచరమ్మా!"

మనవరాలు పడీపడీ నవ్వింది. నేనూ నవ్వినట్టే ఉన్నాను.

మర్నాటి నుంచి అది ముందు వాళ్ళింటికి వెళ్లి తర్వాత నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. నేను రోజూ టైము రాసిపెట్టాను. ఆరూ నలభై. ఆరూ యాభై రెండు. ఏడూ ఐదు. ఒకరోజు ఏడూ ఇరవై. ఆ అంకెల పక్కన ఇంకేమీ రాయలేదు. పేజీ తిప్పినప్పుడల్లా మాత్రం వాటినే ముందు చూసుకునేదాన్ని. ఆయన చదివింది ఏడో తరగతి వరకట. అది తెలిసిన రోజు నాకు సిగ్గుపడాల్సినంత సంతోషం కలిగింది.

నవంబరు 6, గురువారం లెన్సుల పాఠం నేనే తీశాను. నా పాత నోట్సు, ఎర్ర అట్ట పుస్తకం, దాచుకున్నది. నేను పాఠం చెప్పిన రోజుల్లో నిజంగా ఉన్న వస్తువుకీ ప్రతిబింబానికీ ప్లస్ గుర్తు, మిథ్యా ప్రతిబింబానికి మైనస్. నేను రిటైరయ్యాక పుస్తకాలు మారాయి. ఇప్పుడు దూరాలన్నీ లెన్సు దగ్గర మొదలుపెట్టి కొలుస్తారు. కాంతి పోయే వైపు ప్లస్, దానికి ఎదురుగా మైనస్. గుర్తులతో పాటు లెన్సు ఫార్ములా కూడా మారింది. పాతది మొత్తంగా వాడినా సరైన జవాబే వస్తుంది, కొత్తది మొత్తంగా వాడినా వస్తుంది. కలిపితేనే రాదు.

"అమ్మమ్మా, కాలేజీ మెటీరియల్‌లో వస్తువు దూరానికి మైనస్ పెట్టారే?"

"వస్తువు ఎదురుగా నిజంగా ఉందా లేదా?"

"ఉంది."

"ఉన్నదానికి మైనస్ ఏమిటే? ప్లస్ పెట్టు. ఎవరెవరో చెప్పినవన్నీ కాదు, నేను చెప్పింది రాయి."

'ఎవరెవరో' అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఎవరో దానికి తెలుసు. తలవంచుకుని రాసింది.

శనివారం కాలేజీలో వీకెండ్ టెస్టు. ఆదివారం నాలుగింటికి మా అమ్మాయి ఫోనుకి మార్కులు వచ్చాయి. ఫిజిక్స్‌లో ఆరు తప్పులు, అందులో ఐదు లెన్సులవే. తప్పుకొక మార్కు చొప్పున కోత. నేను కళ్ళజోడు పెట్టుకుని మొదటి లెక్క చూశాను. వస్తువు దూరం పాతిక సెంటీమీటర్లు, నాభ్యంతరం ఇరవై, అంటే ప్లస్ ఐదు అద్దమే. ఆయన గోడ మీద చూపించిన లెక్కే. జవాబు వంద సెంటీమీటర్లు. పిల్ల పెట్టింది పదకొండు. ఫార్ములా మెటీరియల్‌లోది, గుర్తు నాది. మిగతా నాలుగూ అంతే. నాకు చూడగానే అర్థమైంది.

"ఐదూ ఒకే తప్పు!" అంది మా అమ్మాయి. "ఎవరు చెప్పారే నీకిలా? ఎదురింటి అంకులేనా?"

"తాత చెప్పలేదు."

"మరెవరు?"

మనవరాలు నా వైపు చూసింది. క్షణమే. "ఎవరూ కాదు. కంగారులో నేనే పెట్టా."

నేను అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పైగా కాగితం మడుస్తూ, "దుకాణం లెక్కలూ పరీక్ష లెక్కలూ ఒకటి కావు," అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. అబద్ధం చెయ్యాల్సిన పని మాత్రం అది చేసింది.

ఐదింటికి మా అమ్మాయి ఎదురు తలుపు తట్టింది. ఆయన బయటికొచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను లోపల సోఫాలో ఉండి అంతా విన్నాను.

"అంకుల్, ఏమీ అనుకోకండి. ఎంట్రన్స్ అయ్యేదాకా దాన్ని కాలేజీ వాళ్ళు చెప్పినట్టే చదవనివ్వండి. కన్‌ఫ్యూజ్ అవుతోంది."

"అట్లనే బిడ్డా. నువ్వు ఫికర్ వెట్టుకోకు," అన్నాడు.

ఆ సాయంత్రం సరిగ్గా ఆరున్నరకి మనవరాలు నా టేబుల్ దగ్గర కూర్చుంది. చాలా రోజులకి ఆ గంట మొత్తం నాకు దక్కింది. అది ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చెప్పినవన్నీ రాసుకుంది. ఏడున్నరకి పుస్తకం మూసి లేచిపోయింది.

మర్నాడు ఐదున్నరకే లేచాను. వంటింట్లో మా అమ్మాయి టిఫిన్ బాక్సు కడుతోంది. మనవరాలు జడ వేసుకుంటోంది.

"ఆ ప్లస్ గుర్తు పెట్టమన్నది నేను," అన్నాను. "ఆయన సరిగ్గానే చెప్పాడు."

మా అమ్మాయి చేతిలో మూత అలాగే ఉండిపోయింది. "మరి నిన్న చెప్పలేదేం అమ్మా? నేను ఆయన మొహం మీదే అన్నానే!"

చెప్పులు వేసుకుని ఎదురు తలుపు దగ్గరికి వెళ్లాను. ఆయన అప్పుడే పాల ప్యాకెట్లు తీసుకుంటున్నాడు.

"అన్నయ్యగారూ, తప్పు నాది. గుర్తు తప్పు చెప్పింది నేనండీ."

"నాకెరుకే టీచరమ్మా. నిన్న పొద్దుమీకి ఆరింటికి బిడ్డ కింద బెంచీ కాడ చెప్పింది."

తల్లికి చెప్పలేదు, నాతో అనలేదు. ఈయనకి చెప్పుకుంది. క్షమాపణ అడగడానికి వచ్చినదాన్ని, ఆ గుమ్మంలోనే నాకు మళ్ళీ కడుపు మండింది.

"నేనే అడిగిన," అన్నాడు. "మీటరు నీ కండ్లతోని జూస్తివి గదా, టేపు వెట్టి కొలిస్తివి గదా, మరి పరీక్షల పదకొండు ఎట్ల వెట్టినవ్ అంటే, ఏమన్నదో తెల్సా? 'అమ్మమ్మ ప్లస్ అన్నది తాతా' అన్నది. ఇగ నేనేమంట? నా గోడ కన్న నీ మాటనే పెద్దగున్నదాయె."

ఆయన నవ్వుతూనే అన్నాడు. నవ్వులో కొంచెం కష్టం కూడా ఉంది. అది నాకు బాగా తెలిసిన కష్టమే. నెలరోజులుగా నా డైరీలో నిమిషాల లెక్కన రాసుకున్నది అదే.

లోపలికి వెళ్లి గుడ్డలో చుట్టిన ప్లస్ ఐదు అద్దం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "బిడ్డకియ్యి."

ఆరూ ముప్పై ఐదుకి మనవరాలు బ్యాగు తగిలించుకుని లిఫ్టు దగ్గర నిలబడింది. అద్దం ఇచ్చాను. చెయ్యి చాచి పట్టుకుని అందులోంచి నన్ను చూసింది.

"తలకిందులుగా ఉన్నావు అమ్మమ్మా."

"సాయంత్రం ఎక్కడ కూర్చుంటావే?" అని అడిగాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"తాత వాళ్ళింట్లో. గోడ అక్కడుంది కదా. నువ్వు కూడా రా. కొత్త టెక్స్ట్ బుక్ పట్టుకునిరా, ఆ ఎర్రది కాదు." లిఫ్టు తలుపు మూసుకుపోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "తాత చెప్తున్నప్పుడు మధ్యలో 'ముందు ఫార్ములా రాయి' అనకూడదు. సరేనా?"

సరే అన్నాను.