మంటలు తగ్గాయన్న మాట

రాత్రంతా వాన కురిసి పొద్దున్నే ఎండ కాస్తే, తడిసిన రబ్బరు చెప్పుల నుంచి ఒక వెచ్చటి వాసన లేస్తుంది. హనుమాన్ జంక్షన్‌లో నేను పనిచేసే షుగరు క్లినిక్కు గుమ్మం బయట ఈ ఉదయం ఆ వాసన వచ్చింది. అలాంటప్పుడు నేను నేరుగా లోపలికి వెళ్ళలేను. వరసగా విడిచిన చెప్పుల దగ్గర ఆగి, వంగి, ఒక్కొక్కటే తిప్పి చూస్తాను. కొత్తగా చేరిన నర్సులు నన్ను చూసి ఈవిడకి చెప్పుల పిచ్చేమిటని మొదట్లో నవ్వుకున్నారు, నవ్వుకోనీ అనుకున్నాను. ఈ పిచ్చి నాకు అంటించినావిడ ఇన్నాసమ్మ గారు. పోయిన ఏడాది గుణదలలో, తన ఇంట్లో, కన్నుమూశారు.

నర్సింగు చదువు పూర్తి కాగానే వన్ టౌన్‌లో ఒక షుగరు డాక్టరు గారి దగ్గర పనికి కుదిరాను. అక్కడ ఆవిడ హెడ్ నర్సు. పొట్టి మనిషి, గట్టి గొంతు. సిస్టరని అందరూ పిలిచేవాళ్ళు కాబట్టి కొత్త పేషెంట్లు మఠం సిస్టరనుకుని దణ్ణాలు పెట్టేవాళ్ళు. "నాకు మొగుడూ, ముగ్గురు పిల్లలూ ఉన్నారయ్యా, మామూలు నర్సునే" అని నవ్వకుండా చెప్పేవారు. నేను చేరిన మొదటి రోజునే ఆవిడ బయట నుంచి ఒక మగవాళ్ళ చెప్పు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు. "ఇదెవరిదండీ?" అని అడిగితే, తోపుడు బండి తోసే ఒకాయన చెయ్యెత్తాడు. చెప్పు అడుగు నుంచి చిన్న మేకు పైకి పొడుచుకుని వచ్చి ఉంది. పొద్దున్నుంచీ దాంతోనే బండి తోశాడట. గుచ్చుకోలేదా అంటే లేదమ్మా అన్నాడు, చాలా మామూలుగా. ఆవిడ నా వైపు తిరిగి, "చూశావా షమీమ్! మేకు ఉందని కాదు నా భయం. ఉన్నట్టు ఈయనకి తెలీలేదు, అదీ" అన్నారు.

నాకు అప్పటికి చదువు తెలుసు గానీ ఒళ్ళు తెలియదు. షుగరంటే రక్తంలో చక్కెర, పరీక్షలో రాసే నాలుగు లక్షణాలు, అంతే. రక్తంలో ఉన్నదానికి అరికాలితో ఏం పని అని ఒకసారి అడిగేశాను. "రక్తం వెళ్ళని చోటు నీ ఒంట్లో ఒకటి చూపించు" అన్నారు ఆవిడ. తర్వాత కూర్చోబెట్టి చెప్పారు. ఏళ్ళ తరబడి షుగరు ఎక్కువగా ఉంటే సన్నటి నరాలు పాడైపోతాయి. అన్నిటికంటే పొడుగైన నరాలు కాళ్ళవి కాబట్టి ముందు అవే దెబ్బతింటాయి. దెబ్బతినేటప్పుడు గోల చేస్తాయి, తిమ్మిర్లు, మంటలు, సూదులు గుచ్చినట్టుండటం ఆ గోలే. పేషెంటును కళ్ళు మూసుకోమని, అరికాలిపై దూది పోగు రాసి, తగిలిందా అని అడిగేవారు. చాలామంది ఆవిడ చెయ్యి ఎప్పుడో తీసేశాక "ఇంకా మొదలుపెట్టలేదాండీ?" అనేవాళ్ళు. నాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

మా నాన్న వన్ టౌన్‌లోనే ఒక ఇనుప సామాన్ల గోడౌనులో కాటా దగ్గర పనిచేసేవాడు. రోజంతా నిలబడే పని. షుగరు వచ్చి అప్పటికి చాలా ఏళ్ళు. అరికాళ్ళ మంటలకు సాయంత్రం బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు బకెట్టు అడగలేదు. మర్నాడూ అడగలేదు. "మంటలు తగ్గిపోయాయి షమీమ్, మీ డాక్టరు గారి మందు పనిచేసింది" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందంటే, మర్నాడు మిఠాయి పొట్లం కట్టించుకుని మరీ క్లినిక్కుకు వెళ్ళాను. ఇన్నాసమ్మ గారు పొట్లం అందుకున్నారు గానీ విప్పలేదు.

"మంటలు తగ్గి, దూది తెలుస్తోందా? చూశావా?"

చూడలేదు. ఊళ్ళో అందరి కాళ్ళూ చూసేదాన్ని, మా నాన్న కాలు చూడలేదు.

"కరెంటు పోయిన ఇంట్లో షాకు కొట్టదే పిల్లా. అంతమాత్రాన వైరింగు బాగుందనుకుంటామా? పద" అన్నారు. డాక్టరు గారికి ఒక మాట చెప్పి, డ్యూటీ మధ్యలోనే మా ఇంటికి బయలుదేరారు.

ఆ రోజు శుక్రవారం. నాన్న నమాజు చేసి అప్పుడే వచ్చాడు. ఆవిడ గచ్చు మీద చతికిలబడి కాలు ఇటివ్వమనగానే గాభరాపడి లేచి నిలబడ్డాడు. "వద్దండీ అక్కగారూ! పెద్దోళ్ళు, మీరు నా కాళ్ళు పట్టుకోవడం ఏంటండీ? పాపం తగులుద్ది నాకు."

"ఈస్టరు ముందు గురువారం మా గుళ్ళో ఫాదర్ గారే కింద కూర్చుని మా కాళ్ళు కడుగుతారండీ. ఆయనకి లేని నామోషీ నాకెందుకు? కూర్చోండి."

"నమాజుకని రోజుకి ఐదుసార్లు కాళ్ళు కడుక్కుంటానండీ నేను. పుండుంటే నాకు తెలీదా?"

"కడిగేది చేత్తో కదండీ. అడుగు కంటితో చూసుకుని ఎన్నాళ్ళైంది?"

నాన్న కూర్చున్నాడు. బొటనవేలి కింద దళసరి ఆనె ఉంది, మధ్యలో నల్లటి మచ్చ. ఆవిడ దాని పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కారు. ఆనె అంచు నుంచి చీము కారి ఆవిడ వేలి మీదుగా గచ్చు మీద పడింది. నాన్న అది చూడటం లేదు, ఆవిడ ముఖం వైపే మర్యాదగా చూస్తున్నాడు. "టీ తాగుతారా అక్కగారూ? షమీమ్, నీళ్ళు పెట్టమ్మా" అన్నాడు. నేను కదలలేకపోయాను. మిఠాయి కొన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రమే ఆసుపత్రిలో ఆనె కోసి, లోపల కుళ్ళినదంతా తీసేశారు. ఎముక దాకా పోలేదు. కానీ సర్జను గారు దాచకుండా చెప్పారు. నెల రోజుల్లో గుంత పూడటం మొదలవకపోతే పాదం ముందు భాగం తీసేయాల్సి వస్తుందని. నేను ఏడుస్తుంటే ఇన్నాసమ్మ గారు ఓదార్చలేదు. "ఏడుపు తర్వాత. డ్రెస్సింగు నువ్వే చెయ్యాలి. ఆ పాదం నేలకి ఆనకూడదు. ఇన్సులిను వేళ తప్పకూడదు. ఈ మూడూ జరిగితే కాలు మనది" అన్నారు.

మూడింటిలో కష్టమైనది రెండోదే. నిలబడి బతికిన మనిషిని కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. నొప్పి లేదు కదా అని నాన్న నేను చూడనప్పుడు నడిచేసేవాడు. ఒకసారి పట్టుకుని, చిన్నపిల్లాడి మీద అరిచినట్టు అరిచేశాను. తర్వాత బాధపడ్డాను గానీ క్షమించమని అడగలేదు. కుర్చీలో కూర్చునే నమాజు చేయడం మొదలుపెట్టాడు. ప్రతి శుక్రవారం ఇన్నాసమ్మ గారు వచ్చి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కాగితం పుండు మీద పరిచి, అంచు వెంబడి పెన్నుతో గీయమనేవారు. మొదటి గీత రూపాయి బిళ్ళకంటే పెద్దది. రెండో వారం అంతే. మూడో వారం కూడా అంతే. నాకు ధైర్యం సడలింది. "గీత చూడు, నీ భయం చూడకు" అన్నారు. నాలుగో వారం గీత లోపలికి జరిగింది. వెంట్రుకవాసి, అంతే. సర్జను గారు ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, కత్తి మాట ఎత్తలేదు.

ఎండలు ముదిరే వేళకు ఒక శుక్రవారం కట్టు విప్పి, కాగితం పరిచి, పెన్ను పట్టుకుని వెతికాను. లేత గులాబీ రంగు చర్మం మాత్రమే ఉంది. "ఏం గీయనండీ? గీయడానికేం లేదు" అన్నాను. నాన్న తన కాలిని తానే రెండు చేతులతో పైకెత్తి, మెడ వంచి, అడుగును మొదటిసారి తన కళ్ళతో చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

నేను ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ ఏడవనిచ్చారు. తర్వాత పైటతో నా ముఖం తుడిచి, "అయిపోయిందనుకోకు. ఆ కాలికి కావలి ఉండటానికి నొప్పి ఇంక రాదు. నువ్వే ఉండాలి. రేపు పొద్దున్న మళ్ళీ చూడు" అన్నారు.

చూశాను. ఈ ఉదయం కూడా, నాన్న రెండు అరికాళ్ళూ చూశాకే బస్సెక్కాను.