నాలుగో గుడారం మావయ్య

మా మావయ్య పరామర్శకు వస్తున్నాడంటే మంచం పట్టినవాళ్ళు సైతం లేచి కూర్చునేవారు. గౌరవం కాదు, భయం.

ఆయన సైన్యంలో ఇరవై రెండేళ్ళు గాయాలకు కట్లు కట్టిన మనిషి. ఒకరోజు సరిహద్దు దగ్గర మందుపాతరలు పేలి, ఇద్దరే డాక్టర్లున్న గుడారాల ఆసుపత్రికి ఒక్క పూటలో అరవైమందిని మోసుకొచ్చారు. పెద్ద డాక్టరు ఒక్కొక్కరినీ అర నిమిషం చూసి మణికట్టుకు రంగు రిబ్బను కట్టించాడు. ఎరుపైతే వెంటనే ఆపరేషన్, పసుపైతే ఆగొచ్చు, ఆకుపచ్చైతే ఓ పక్కకు నడిచి వెళ్ళి కూర్చోవచ్చు. నలుపు కట్టినవాళ్ళను నాలుగో గుడారంలో పడుకోబెట్టారు. ఇక బతకరు కాబట్టి వాళ్ళ మీద డాక్టర్ల సమయం ఖర్చుపెట్టరు. పక్కన కూర్చోవడానికి మాత్రం ఒక మనిషిని ఇచ్చారు. ఆ మనిషే మావయ్య.

మొత్తం పదకొండుమంది. అందులో ఒక వంటవాడు గలగలా మాట్లాడుతూనే ఉన్నాడట. మావయ్య రెండుసార్లు డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు.

"సార్, వాడు జోకులేస్తున్నాడు సార్!"

డాక్టరు తలెత్తలేదు. "వాడి కోసం నాలుగు గంటలు నిలబడితే ఇక్కడ నలుగురు పోతారు. వెళ్ళి నవ్వు."

మావయ్య వెళ్ళి నవ్వాడు. చీకటి పడేలోపు పదకొండుమందీ పోయారు.

ఈ సంగతి ఆయన చెప్పిన చోటే తప్పు. మా చెల్లెలి పెళ్ళి భోజనాల్లో, అందరి నోట్లో ముద్ద ఉండగా చెప్పాడు. అప్పటినుంచి బంధువుల్లో ఆయనకు 'నాలుగో గుడారం' అనే పేరు ఖాయమైపోయింది. ఎవరికి ఒంట్లో బాగోకపోయినా పళ్ళ సంచితో బయల్దేరేవాడు. గుమ్మంలోనే ఎవరో ఒకరు సంచి అందుకుని, "ఇప్పుడే కన్నంటుకుంది" అనేవారు. మా బాబాయి అయితే గురక కూడా పెట్టి చూపించాడు.

మా అమ్మ ఆసుపత్రిలో చేరింది. మూడేళ్ళప్పుడు తల్లి పోతే మావయ్యను చంకనెత్తుకుని పెంచింది అమ్మే. కబురు అందగానే ఆయన బయల్దేరి, బస్సు దిగి సరాసరి అమ్మ గది దగ్గరికొచ్చాడు. అమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఒరేయ్, వాణ్ణి లోపలికి రానివ్వకు. వాడొచ్చి పక్కన కూర్చున్నాడంటే నా పని అయిపోయిందనేగా!"

"నీ తమ్ముడే కదమ్మా."

"తమ్ముడే. బయట కూర్చున్నా తమ్ముడే."

బయటికెళ్ళి, డాక్టరు ఎవరినీ రానివ్వద్దన్నారని చెప్పాను. మావయ్య నా భుజం మీదుగా, లోపల అమ్మ మంచం చుట్టూ చేరిన మా పిన్నినీ, ఆమె ఇద్దరు కోడళ్ళనూ చూశాడు.

"అలాగేరా అల్లుడూ" అని వరండా బెంచీ మీద కూర్చున్నాడు.

మూడు రోజులు అక్కడే ఉన్నాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ చాచేవాడు. "అక్క ఏమైనా తిందా?" అని అడిగేవాడు. రెండో రోజు అమ్మకు మళ్ళీ చెప్పి చూశాను. "తగ్గాక ఇంటికి రమ్మను, నేనే వండిపెడతా" అంది.

మూడోనాటి మధ్యాహ్నం అమ్మ పోయింది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. కిటికీ దగ్గర నిలబడి, సెలవు పొడిగించమని ఆఫీసువాళ్ళను ఫోన్‌లో బతిమాలుతున్నాను. వెనక్కి తిరిగేసరికి అయిపోయింది.

వరండాలోకి వచ్చి చెప్పాను. మావయ్య లేవలేదు.

"ఆ టైముకి చెయ్యి పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను మావయ్యా."

"ఏ చెయ్యి?"

ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారని నేననుకోలేదు. "కుడి చెయ్యి" అన్నాను.

అమ్మ కుడి చేతికి చేరిన రోజే సెలైన్ సూది గుచ్చి, కింద అట్ట పెట్టి, మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా కట్టు కట్టేశారు. తలుపు సందులోంచి ఆయనకు మూడు రోజులూ కనిపించింది ఆ కట్టే.

మావయ్య నా ముఖం వంక చూడలేదు.

"మంచి పని చేశావురా" అన్నాడు.