గొర్రు ఎత్తే చోటు

మ్యూజియంలో ఆ వీరగల్లు కింద "కంబదూరు ప్రాంతం" అని రెండే మాటలున్నాయి. ఊరి పశువులను దొంగల నుంచి కాపాడుతూ చనిపోయిన మనిషికి నిలిపిన రాయి అది. అది నిలబడ్డ నేలను చూడాలనిపించింది. ఫోన్లో ఫొటో పట్టుకుని కంబదూరు చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. మూడో ఊళ్లో ఓబుళమ్మ అనే ముసలావిడ ఫొటో చూసి, ఏమీ అడగకుండా నన్ను తన చేనికి తీసుకెళ్లింది.

వేరుశనగ అప్పుడే మొలిచింది. చేను నడుమ మంచమంత జాగా మాత్రం బోసిగా ఉంది.

"ఇక్కడ మొలవలేదా అవ్వా?"

"ఇత్తితే కదప్పా మొలిచేది! ఈడ ఆయప్ప ఉండాడు. ఈడికొస్తానే ఇత్తనాలేసే గొర్రు ఎత్తి అవతల దించుతాం."

"రాయి మ్యూజియంలో ఉంది కదా?"

"నేను కాపురానికొచ్చిన ఏడే తీసకపోయినారు. రాయి పోతే పోయింది, ఆయప్ప యాడికి పోతాడు?"

వానకు మొహం వాచిన ఆ నేలలో, విత్తడానికి తడి పదును దొరికిన ప్రతిసారీ ఆ కాస్త చోటును ఇన్నేళ్లుగా విత్తకుండా వదులుతున్నారు.

ఆమె ఫొటో మళ్లీ చూసింది. "ఈడ ఊరి దిక్కే చూస్తా ఉండె. ఆడ ఏ దిక్కుకు నిలబెట్టినారప్పా?"

రాయి ఎత్తు, వెడల్పు, కాలం నా నోటుబుక్కులో ఉన్నాయి. దిక్కు రాసుకోలేదు. ఇరుకు వరండాలో దానికి ఎదురుగా గోడ ఉన్నట్టు మాత్రం గుర్తుంది.

"ఊరి దిక్కే అవ్వా" అన్నాను.

ఆమె తృప్తిగా తలూపి, ఆ బోసి జాగాలో అక్కడక్కడా మొలిచిన గడ్డి పీకుతూ కూర్చుంది.