పీపాలో వినిపించిన లోతు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళకి విరేచనాల మందిచ్చి పంపే రకం నేను. వాటిమీద నమ్మకం అప్పుడూ లేదు, ఇప్పుడూ పెద్దగా లేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు మొహమాటపడ్డాను.

ఎనభైల మొదట్లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద ఒక వంతెన పని జరిగేది. ఆ పనివాళ్ళ ఆసుపత్రిలో నేను కాంపౌండర్ని. పునాదుల కోసం కూలీలు నది అడుగున, నీళ్ళు రాకుండా గట్టిగా గాలి నింపిన గదిలోకి దిగి ఇసుక తవ్వేవారు. తొందరపడి పైకి వచ్చేస్తే ఒంట్లో గాలి బుడగలు కట్టి కాళ్ళు పడిపోయేవి. అలాంటివాళ్ళని ఒక ఇనప పీపాలో పడుకోబెట్టి, మళ్ళీ ఒత్తిడి పెట్టి, మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చి, గంటల తరబడి మెల్లగా ఒత్తిడి తగ్గించేవాళ్ళం. ఆ ఒత్తిడిని అడుగుల్లో లెక్కపెట్టేవాళ్ళం. అరవై అంటే అరవై అడుగుల నీటి కింద ఉన్నట్టు.

ఒకరోజు పొద్దున్న సత్తిబాబు అనే కూలీని మోసుకొచ్చారు. ముప్పై ఏళ్ళుండవు, రెండు కాళ్ళూ కదలడం లేదు. వైద్యం మధ్యలో చెడితే ఇతనిక నడవడని చెప్పి డాక్టరుగారు వార్డులోకి వెళ్ళారు.

పీపాలో పడుకోబెట్టి తలుపు బిగించగానే సత్తిబాబు హడలిపోయాడు. మాస్కు పీకేసి పీపా గోడలు బాదడం మొదలుపెట్టాడు. గుండ్రటి అద్దంలోంచి ఆ మొహం చూస్తే నాకే చెమటలు పట్టాయి. లోపలివాళ్ళతో మాట్లాడే ఫోనులో బతిమాలాను, కసిరాను, చివరికి దణ్ణం కూడా పెట్టాను.

ఉన్నట్టుండి నెమ్మదించాడు. తనే మాస్కు పెట్టుకున్నాడు. కాసేపటికి దాన్ని కొంచెం జరిపి, "పరవాలేదండి. మా నాన్న లోతు చెప్తన్నాడు," అన్నాడు.

వాళ్ళ నాన్న లాంచీలో పనిచేసేవాడట. ముందు నిలబడి, బరువు కట్టిన తాడు నీళ్ళలోకి వదిలి, ఎన్ని బారల లోతుందో కేకేసి చెప్పడం ఆయన పని. పోయి నాలుగేళ్ళయిందట.

"ఎన్ని బారలంటున్నాడేంటి?" అన్నాను వెటకారంగా.

"పది బారలండి."

బారకి ఆరడుగులు. ఒత్తిడి కొలిచే గేజీ అరవై చూపిస్తోంది. అది బయట ఉంటుంది, లోపలివాళ్ళకి కనపడదు. ఏదో కలిసొచ్చిందిలే అనుకున్నాను.

పావుగంట తర్వాత మళ్ళీ ఫోను. "కాంపౌండరుగారూ, తొమ్మిదంటున్నాడు. ఎనిమిది... అంత గబగబా పైకి లాగేత్తన్నారేంటండి?"

గాలి వదిలే వాల్వు నేను ముట్టుకోలేదు. గేజీ అరవై దగ్గరే ఉంది. నోర్మూసుకుని పడుకోమనబోయి, ఎందుకో గేజీని వేలితో కొట్టాను. ఇరుక్కున్న ముల్లు కదిలి ఒక్కసారిగా నలభై రెండుకి పడిపోయింది. అప్పుడే ఫోనులో "ఏడు" అని వినిపించింది.

వాల్వు దగ్గర గాలి కారిపోతోంది. పరుగున వెళ్ళి బిగించి, ఒత్తిడి మళ్ళీ పెంచాను. అతను ఒక్కో బారా చెబుతూ వచ్చాడు. సరిగ్గా పది దగ్గర ఇద్దరం ఆగాం. సిగ్గు లేకుండా చెబుతున్నా, ఆ తర్వాత నాలుగు గంటలూ నేను గేజీని నమ్మలేదు, సత్తిబాబు వాళ్ళ నాన్నని నమ్మాను.

సాయంత్రం తలుపు తీసేసరికి అతని కాలి బొటనవేలు కదిలింది. నాకు ఏడుపొచ్చేసింది. పది రోజులకి కర్ర పట్టుకుని నడిచాడు.

ఒత్తిడి తగ్గితే చెవుల్లో తేడా తెలుస్తుంది, దాన్నిబట్టి కనిపెట్టి ఉంటాడన్నారు డాక్టరుగారు. మరి చెవులకి అంకెలెలా తెలిశాయండి అంటే, ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

ఊరెళ్ళే ముందు సత్తిబాబు వచ్చి, ఒక్కసారి ఆ పీపాలో కూర్చుంటానని అడిగాడు. బయటికి వదలమని గోడలు బాదినవాడే! ఒత్తిడేమీ పెట్టకుండా తలుపు చేరవేశాను. కాసేపటికి కర్ర లేకుండా తనే నడిచి బయటికొచ్చాడు.

"ఏమన్నా వినపడిందా?" అని అడిగాను.

"లేదండి," అన్నాడు నవ్వుతూ. "ఒడ్డుకొచ్చేశాక ఇంకా లోతెందుకు చెప్తాడండీ."