నర్సన్న కాక మూసిన బీడు

ప్రాణహిత ఏటి ఒడ్డునున్న మా ఊరి పసులు కాసే నర్సన్న కాక మెడలో ఎప్పుడూ ఒక ట్రాన్సిస్టర్ వేలాడుతుండేది. సాయంత్రం మందను ఇళ్లకు తోలాక దాన్ని మా గోడ మీద పెట్టి, తెలుగులో వచ్చే రైతుల కార్యక్రమం వినేవాడు. ఏడో తరగతితో బడి మానేసిన నేను గోడకు ఇవతల బియ్యం చెరుగుతూ వినేదాన్ని.

ఎనభై ఆరు ఎండాకాలంలో ఒకరోజు రేడియోలో బీళ్ల గురించి చెప్పారు. పసులు ఏడాదంతా ఒకేచోట మేస్తే మంచి గడ్డి గింజ కట్టకముందే పోతుందట. సగం బీడును ఒక వానాకాలం మూసిపెట్టి, గింజ రాలనివ్వాలట. మా బీడులో అప్పటికే పసులు ముట్టని కంపే మిగిలింది. కాక ఊరివాళ్లను బతిమాలి, ఏటివైపు సగానికి తానే తుమ్మకంపతో కంచె వేశాడు. గడ్డి రాకపోతే మందను వేరేవాళ్లకు అప్పగిస్తామన్నారు. ఆ మంద కాసినందుకు వచ్చే వడ్లే ఆయన ఇంటికి తిండి. అయినా వెనక్కి తగ్గలేదు. మేత చాలక రోజూ జింగనూర్ దారిలోని అడవిదాకా పసులను నడిపించేవాడు.

శ్రావణం చివరికి మూసినవైపు గడ్డి మోకాళ్లదాకా లేచింది. ఇంకా గింజ కట్టలేదు. అంతలో పొలాల అమాస వచ్చింది. ఆ రోజు ఎడ్లకు కాడి పెట్టరు, ఊళ్లో మంచి మేత ఎక్కడుంటే అక్కడికి వదులుతారు. కంచె వేసినప్పుడు కాకకు ఈ పండుగే గుర్తుకు రాలేదు.

ముందురోజు ఊరి పెద్ద అయిన పెద్దయ్య వచ్చి కంప తీయమన్నాడు.

"ఎడ్ల పండుగుంటదని నీ రేడియో చెప్పలేదారా?"

"చెప్పలే మామా. తప్పు నాదే. జర కంప ముట్టకుండ్రి. రేపు మీ ఎడ్ల ముంగటికే మేత తెస్త."

"ఊర్లున్న ఎడ్లన్నిటికా? ఎట్ల తెస్తవ్?"

"అది నా పరేషాన్ తియ్యి."

కాక భార్య సత్తవ్వ రెండు కొడవళ్లు నూరింది.

పండుగనాడు తెల్లవారగానే ఇద్దరూ పసులు దిగలేని ప్రాణహిత ఒడ్డుకు పోయి, గడ్డి కోసి మోపులు మోయడం మొదలుపెట్టారు. కొమ్ములకు రంగులు పూసుకుని వాకిళ్లలో నిలబడ్డ ఎడ్ల ముందు కాక గడ్డి పరుస్తూ పోయాడు. అరచేతులు కోసుకుపోయినా ఒక్క వాకిలినీ వదిలెయ్యలేదు. పొద్దున నవ్వినవాళ్లు మధ్యాహ్నానికి మోపులు దించడానికి చెయ్యి వేశారు. చివరికి పెద్దయ్య ఎడ్లే మిగిలాయి. కాక మళ్లీ ఏటివైపు తిరిగాడు. పెద్దయ్య అడ్డమొచ్చి ఆయన చేతిలోని కొడవలి తీసుకున్నాడు.

"నువ్వు కూసో. నా ఎడ్ల మేత నేను కోసుకొస్త."

ఆ కంపను ఎవరూ ముట్టలేదు. దీపావళి దాటాక గింజ రాలింది. మరుసటి ఏడు వానలు పడి కంచె తీసిన రోజు, మంద వంచిన తల ఎత్తకుండా మేసింది. మిగిలిన సగానికి కంప వేయడానికి ఈసారి ఇంటికొకరు వచ్చారు.