మిరప కల్లంలో చెప్పిన రాజ్యాంగం

మా ఊళ్లో ఇప్పటికీ ఎద్దు కదలకుండా నిలబడిపోతే, "ఏందిరా, పాత సర్పంచ్ లాగా నిలబడ్డావ్?" అని బండి తోలేవాడు అరుస్తాడు. ఆ సర్పంచ్‌ని కళ్లతో చూడని పిల్లలు కూడా ఆ మాట వాడుతున్నారు. ఆయన చేతకానివాడని ఊరు నమ్మింది. అది నిజం కాదు. నిజమేమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

అరవైల నడుమ సంగతి. నేను గుంటూరులో బి.ఏ. చదువుతూ సెలవులకు ఊరికొచ్చాను. కొత్త పంచాయతీ చట్టం వచ్చింది, ఎన్నికలన్నారు. మా ఊళ్లో తూర్పు బజారు, పడమటి బజారు అని రెండు పార్టీలు. ఎవరు గెలిచినా రెండోవాళ్లు ఊరుకోరు కనుక ఏకగ్రీవం చేద్దామని పెద్దలు మిరప కల్లంలో చేరారు.

కల్లమే ఎందుకంటే, మా వైపు మంచి మాట మొదలుపెట్టినప్పుడు ఎవరైనా తుమ్మితే ఆపేసి, కాసేపు కూర్చుని మళ్లీ మొదటికి రావాలి. ఒప్పందం చెడగొట్టడానికి అవతలివాళ్లు పనిగట్టుకుని తుమ్మిన సందర్భాలున్నాయి. ఎండు మిరపకాయల ఘాటులో అందరూ తుమ్ముతారు కాబట్టి అక్కడ తుమ్ము పట్టింపు లేదు. అందుకే మా ఊరి పెద్ద నిర్ణయాలన్నీ ముక్కులు చీదుకుంటూ జరిగినవే.

పడమటి బజారు పెద్ద, పొగాకు ఆరబెట్టే బ్యారన్లున్న ఆసామి. సర్పంచ్ పదవి ఆయన అడిగితే తూర్పు బజారు ఒప్పుకోదు. ఎవరికీ చెడ్డకాని మనిషి ఒకాయన ఉన్నాడు. ఊరంతా బాబాయ్ అని పిలిచే చిన్నరైతు. మూడెకరాల మిరప, ఒక జత ఎడ్లు. ఆయన్ని సర్పంచ్ చేసి ఆసామిని ఉపసర్పంచ్ చేద్దామన్నారు. అయితే ఆసామికి ఉపసర్పంచ్ అనే మాటే మింగుడుపడలేదు.

"ఏరా, రాజకీయాలు చదువుతున్నావుగా, పైదేశాల్లో ఎట్టా ఉంటదో చెప్పరా" అన్నాడు నన్ను చూసి.

అంతమంది పెద్దలు నా నోటి వంక చూడటం అదే మొదలు. అమెరికాలో పాలనాధికారమంతా అధ్యక్షుడొక్కడి చేతిలోనే ఉంటుందని, కావలసినవాళ్లను అతనే మంత్రులుగా పెట్టుకుంటాడని చెప్పాను. స్విట్జర్లాండులో ఏడుగురు కలిసి ఏలుతారన్నాను.

"ఏడుగురా! ఇక్కడ ఇద్దరికే తలకాయలు పగుల్తన్నాయ్" అని తూర్పు బజారు నుంచి ఎవరో అన్నారు.

ఇంగ్లండులో రాజు గానీ రాణి గానీ ఉంటారు, ఏలరు. మంత్రి ఏలతాడు, సింహాసనం ఎక్కడు అన్నాను. మన ఢిల్లీలోనూ ఇంచుమించు అంతేనని, రాష్ట్రపతి మంత్రుల సలహా మీదే నడుస్తాడని చెప్పాను. ఆసామి మొహం వెలిగింది.

"అదీ! ఇంగ్లండు బాగుంది. బాబాయ్ రాజు, నేను మంత్రి. ఏమంటావ్ బాబాయ్?"

బాబాయ్ తుమ్మి, తలగుడ్డతో ముక్కు తుడుచుకుని, "నాకు వాగు మీద బండ్లు దాటే చప్టా ఒక్కటి కట్టిస్తే చాలయ్యా. రాజైనా సరే, కూజా అయినా సరే" అన్నాడు. వానాకాలంలో తూర్పు బజారు బండ్లన్నీ ఆ వాగులో, ఆ నల్లరేగడి బురదలో ఇరుసుల దాకా దిగబడేవి. బాబాయ్ ఎద్దు ఒకటి అక్కడే కాలు విరిగి చచ్చిపోయింది.

అలా మా ఊరు ఇంగ్లండు అయింది. నన్ను అందరూ "రాజ్యాంగం" అని పిలవసాగారు. "ఏరా రాజ్యాంగం, ఎప్పుడొచ్చావ్?" అంటే లోపల పొంగిపోయేవాణ్ణి.

చప్టాకు పంచాయతీ తీర్మానం చేసింది. పంచాయతీ సమితి వాళ్లు సిమెంటు ఇస్తామన్నారు. ఇక పని మొదలుపెట్టడమే. ఆసామి పొలాలు రోడ్డు పక్కన ఉన్నాయి, ఆయన బండ్లకు వాగుతో పని లేదు. "తొందరేముంది, చూద్దాం" అన్నాడు. మంత్రి సలహా ఇవ్వలేదు కనుక రాజు కదలలేదు.

తర్వాతి సెలవుల్లో బాబాయ్ మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అబ్బాయ్, ఇంకోసారి చూసి చెప్పు. ఆయన చెప్పకుండా నేను పని మొదలుపెట్టిస్తే తప్పా?"

అప్పటికే నేను కాలేజీ లైబ్రరీలో పంచాయతీ చట్టం చదివాను. తీర్మానమైన పనిని జరిపించే అధికారం సర్పంచ్‌దే. ఉపసర్పంచ్ వంతు సర్పంచ్ లేనప్పుడే. దేశాల రాజ్యాంగాలన్నీ తిరగేసినవాణ్ణి మా ఊరి చట్టం చివరగా చదివాను. ఆ మాట చెబితే నా రాజ్యాంగం కూలుతుంది. ఆసామి నన్ను పలకరించే తీరు మారుతుంది.

"తప్పే బాబాయ్. పద్ధతి కాదు" అన్నాను.

"అట్టాగా" అని లేచి వెళ్లిపోయాడు.

వానలు మొదలవక ముందు సమితి నుంచి ఆఫీసరు జీపులో వచ్చాడు. పంచాయతీ గది ముందు జనం మూగారు, నేనూ ఉన్నాను. మొదలుపెట్టని పనికి సిమెంటు ఆపి ఉంచలేమని, వేరే ఊరికి ఇచ్చేశామని చెప్పాడు.

"ఎందుకు మొదలుపెట్టలేదండీ?"

"ఉపసర్పంచ్ గారు చెప్పలేదండి."

ఆఫీసరు నవ్వాడు. "ఆయన చెప్పేదేంటండీ? చేయించాల్సింది మీరు. ఆ మాత్రం తెలీదా?"

జనం గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఆసామి. బాబాయ్ నా వంక చూశాడు. నేను జీపు టైరు వంక చూశాను.

"తెలియలేదండి" అన్నాడాయన. అంతే. నా పేరెత్తలేదు.

బాబాయ్ చేతకానివాడన్న పేరు పడ్డాక, తర్వాతి ఎన్నికల్లో ఆసామే సర్పంచ్ అయ్యాడు; తూర్పు బజారు కూడా అడ్డు చెప్పలేదు. ఆ సాయంత్రమే నా భుజం మీద చెయ్యేసి, "ఏరా రాజ్యాంగం, అమెరికా సంగతి ఏదో అన్నావే, మళ్లీ చెప్పు" అన్నాడు. ఊరు ఒక్క పూటలో ఇంగ్లండు నుంచి అమెరికాకు మారిపోయింది. చప్టా కూడా వచ్చింది, ఆయన బ్యారన్లకు వెళ్లే డొంకదారిలో. అక్కడ వాగు లేదు. వానొస్తే నీళ్లు నిలిచే గుంట ఉంది.

నేను కాలేజీలో లెక్చరరునయ్యాను. ప్రభుత్వాధినేతల రకాలనే పాఠం ఏటా చెప్పేవాణ్ణి. నాకు మంచి పేరుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి ఊరికెళ్తుంటే వాగులో బాబాయ్ బండి దిగబడి ఉంది. ప్యాంటు మడిచి దిగాను. ఇద్దరం చెరో చక్రం పట్టాం. నిజం చెబుదామని నోరు తెరిచాను. నాకు చట్టం ముందే తెలుసు అన్నాను.

ఆయన చక్రం వదల్లేదు. "తెలుసులే. ఆ రోజు జీపు టైరు చూస్తన్నప్పుడే తెలిసింది" అన్నాడు. ఎడ్లను అదిలించాడు. బండి కదల్లేదు.

"అబ్బాయ్, ఇంగ్లండులో రాజుగారు కూడా ఇట్టాగే బండి తోసుకుంటాడా?"

నేను చక్రానికి భుజం ఆనించాను. "తొయ్యి, తొయ్యి" అన్నాడు.